బరంపురం వెళ్లి మరీ కొన్న మా మొదటి అసెంబుల్డ్ పీసీ, ఏడాది వాడేక రివ్యూ

మాది పర్లాకిమిడి. ఉన్నది ఒడిశాలో గానీ ఇంట్లో తెలుగే, పక్కనే పాతపట్నం, అక్కడ మా పిన్ని వాళ్లుంటారు. తమ్ముడు ప్లస్ టూ అయిపోయి బీటెక్ కంప్యూటర్స్‌లో చేరేడు, అన్నయ్యా ల్యాప్‌టాప్ వద్దు, అదే డబ్బుకి డెస్క్‌టాప్ మనమే కట్టుకుందాం, తర్వాత గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్ మీద బొమ్మ చూపించే పార్టు) వేసుకోవచ్చు, ర్యామ్ అంటే మెమరీ పెంచుకోవచ్చు అన్నాడు. బడ్జెట్ 35 వేలు, అందులో ఒక్క రూపాయి దాటినా నాన్న దగ్గర మళ్లీ అడగాలి. ఇది 2024 దసరాకి ముందు మాట, అంటే రేట్లు అప్పటివి అని గుర్తుపెట్టుకుని చదవండి.

ఈ రివ్యూ రెండింటి మీద. ఒకటి మేం తీసుకున్న సెట్టు, అంటే ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్పు), ఏ520 మదర్‌బోర్డు (పార్టులన్నీ తగిలించే పెద్ద బోర్డు), మిగతావి. రెండోది బరంపురంలో గిరి రోడ్డు వైపు మేం కొన్న షాపు, పేరు రాయట్లేదు. ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే మనలాంటి ఊళ్లల్లో తప్పు పార్టు వచ్చిందంటే అది ఊరికే తప్పు పార్టు కాదు, బరంపురం రానూ పోనూ ఒక రోజు పోతాది, బస్సు టికెట్లు, ఆ రోజు పని, షాపోడు మార్చకపోతే ఆ డబ్బు కూడా. హైదరాబాద్‌లో ఉన్నోళ్లకి సాయంత్రం వెళ్లి మార్చుకొచ్చే పని. మనకి కాదు. అందుకని రేటు రెండొందలు తక్కువా ఎక్కువా అన్నదాని కన్నా ఒకదానికొకటి సరిపోతాయా లేదా అన్నది ముందు తేల్చుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

మొదట మా ఊళ్లోనే ఒక చోట కొటేషన్ రాయించేం. చీటీ మీద ఇంటెల్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచేది), క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్ (పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా), మొత్తం 27 వేలు. ఐ5 అని చూసి నాన్న సంతోషపడిపోయేరు. రాత్రి తమ్ముడు కూర్చుని ఒక్కొక్కటీ వెతుకుతుంటే అప్పుడు తెలిసింది, ఆ చివర ఉన్న ఎఫ్ అంటే అందులో గ్రాఫిక్స్ ఉండదని. అంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే మానిటర్‌కి బొమ్మే రాదు. చీటీలో కార్డు లేదు! మర్నాడు వెళ్లి అడిగితే "కార్డు తర్వాత వేసుకోండి బాబూ" అన్నాడు. తర్వాత అంటే అప్పటిదాకా ఏటి చూస్తాం, ఆ డబ్బాలో ఫ్యాను తిరగడం చూస్తామా. ఆయన మోసం చేయాలనుకున్నాడని నేననను, గేమింగ్ కార్డుతో కొనేవాళ్లకి రాసే చీటీయే మాకూ రాసిచ్చేడు. కానీ అలాగే కొనేసుంటే మా ఇంట్లో గొడవ ఎలా ఉండేదో నాకు తెలుసు.

ఏఎండీలో కూడా ఇదే తిరకాసు. రైజెన్ 5 5600 అంటే గ్రాఫిక్స్ లేదు, 5600ఎక్స్‌లో కూడా లేదు, 5600జీలో ఉంది. అక్షరం ఒకటే తేడా. మాకు కార్డుకి డబ్బు లేదు కాబట్టి జీయే కావాలి. అందులో 6 కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), లోపల వేగా గ్రాఫిక్స్, 65 వాట్ల చిప్పు, కూలర్ కూడా బాక్సులోనే వస్తాది, అంటే కూలర్ కొనే ఖర్చు తప్పింది. 2021లో వచ్చిన ప్రాసెసర్ కదా పాతది కదా అని చాలామంది అంటారు. నిజమే, కొత్త ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 2022లోనే వచ్చేసింది, గానీ దానికి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తప్ప ఇంకోటి పట్టదు, బోర్డు రేటు కూడా ఎక్కువ, మా 35 వేలల్లో అది అవ్వదు. పాత సాకెట్ ఏఎం4 తీసుకున్నా పర్లేదు, తెలిసి తీసుకోవాలి అంతే.

బోర్డు దగ్గరే అసలు కథ ఉంది. ఏఎం4 సాకెట్ అని రాసుంటే ఏఎం4 ప్రాసెసర్ ఏదైనా పనిచేసేస్తాదని మేం అనుకున్నాం, నూటికి తొంభైమంది అలాగే అనుకుంటారు. పడుతుంది గానీ పని చేయకపోవచ్చు! సాకెట్‌లో కూర్చోవడం వేరు, బోర్డులో ఉన్న బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఆ ప్రాసెసర్‌ని గుర్తుపట్టడం వేరు. తమ్ముడి క్లాస్‌మేట్ ఒకడు సెకండ్ హ్యాండ్ బీ450 బోర్డు చవగ్గా కొని దాంట్లో 5600జీ పెట్టేడు, ఫ్యాను తిరుగుతాది, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ నల్లగా ఉంటాది. వారం రోజులు ర్యామ్ పాడైందనుకున్నాడు పాపం. చివరికి చూస్తే బయోస్ పాతది. ఇంకోవైపు పాత 3200జీ ప్రాసెసర్ ఉందని దానికి కొత్త ఏ520 బోర్డు కొందామనుకునేవాళ్లున్నారు, అదీ ఏఎం4యే ఇదీ ఏఎం4యే, కానీ ఏఎండీ అధికారికంగా ఏ520కి ఇచ్చిన సపోర్టులో ఆ ప్రాసెసర్ లేదు. కాబట్టి బోర్డు కంపెనీ సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి సీపీయూ (అంటే ప్రాసెసర్) సపోర్ట్ లిస్టు అని ఉంటాది, అది చూడండి. మీ ప్రాసెసర్ పేరు పక్కనే ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తాదో రాసుంటాది. ఫోన్‌లో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని షాపుకెళ్లండి, మేం అదే చేసేం, ఆ స్క్రీన్‌షాటే మమ్మల్ని కాపాడింది.

ఏ520 కన్నా పై రకం బోర్డు బీ550 ఎందుకు తీసుకోలేదంటే, దాంట్లో ఉన్న పెద్ద లాభం పీసీఐఈ 4.0 (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా వెళ్లే దారి), కానీ 5600జీ ప్రాసెసరే 3.0 వరకు ఇస్తాది. ఆ డబ్బు ఖర్చు పెట్టి వాడుకోలేం. ఓవర్‌క్లాక్, అంటే ప్రాసెసర్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంలో నడపడం, మాకు అక్కర్లేదు. ఏ520 చాలు.

ఇక బరంపురం. పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి దిగేం, భోంచేసి షాపుకెళ్లేం. షాపాయన ఒడియా ఆయనే గానీ తెలుగు బాగా మాట్లాడతాడు, బరంపురంలో అది మామూలే. తమ్ముణ్ని "బాబూ" అని, నన్ను "భాయినా" అని పిలుస్తూ ముందు మా లిస్టు మొత్తం చదివేడు, చదివి వెంటనే రేటు చెప్పలేదు, "ఇంట్లో మానిటర్ ఉందా, కొంటారా" అని అడిగేడు. ఉంది అన్నాం. అక్కడ ఆయన ఇంకో ప్రశ్న అడగాలి, మేం ఇంకో మాట చెప్పాలి, రెండూ జరగలేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

బోర్డు బాక్సు తెచ్చేక తమ్ముడు స్క్రీన్‌షాట్ చూపించి ఇందులో బయోస్ ఏ వెర్షన్ అని అడిగేడు. ఆయన విసుక్కోలేదు. బాక్సు తెరిచి, షాపులో ఉన్న, ఆ బోర్డు గుర్తుపట్టే పాత ప్రాసెసర్ ఒకటి దాంట్లో పెట్టి, కౌంటర్ మీదే ఆన్ చేసి చూపించేడు. పాత వెర్షనే! ఏ520 బోర్డులు 2020లో వచ్చేయి, 5600జీ ఏమో 2021లో, ఆ మధ్యలో తయారైన స్టాకు అయితే ఇలాగే ఉంటాదన్నమాట. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో కొత్త బయోస్ ఫైలు వేసి, యూపీఎస్ మీద పెట్టి అప్‌డేట్ చేసేడు, అది అయ్యేదాకా మమ్మల్ని టేబుల్ ముట్టుకోవద్దన్నాడు, ఎందుకంటే మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే. పది నిమిషాలు పట్టింది, ఒక్క పైసా తీసుకోలేదు. ఇదే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఉంటే మా దగ్గర ఇంకో ప్రాసెసర్ ఎక్కడిది, ఎవరి దగ్గరికెళ్లి అడుగుతాం. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ ఉంటాది, చవక బోర్డుల్లో చాలావాటికి ఉండదు, మాదాంట్లో లేదు.

ర్యామ్ విషయంలో ఆయన మాతో వాదించేడు, వాదించి మంచిపని చేసేడు. మేం 16 జీబీ స్టిక్ ఒకటి అడిగేం, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు కదా అని. ఆయన ఒప్పుకోలేదు, ఈ ప్రాసెసర్‌కి విడిగా గ్రాఫిక్స్ మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటాది, ఒక్క స్టిక్ అయితే ఒక్క దారి, రెండైతే రెండు దారులు అన్నాడు. లెక్క కూడా అలాగే ఉంది, డీడీఆర్4 3200 ఒక్క చానెల్‌లో సెకనుకి 25.6 జీబీ, రెండింట్లో 51.2. అందుకని 8 జీబీవి రెండు తీసుకున్నాం. ఇంటికొచ్చేక తమ్ముడు ఆగలేక ఒక స్టిక్ తీసి గేమ్ ఆడి చూసేడు, అదే సెట్టింగులో ముందు సాఫీగా ఆడింది కాస్తా ఆగి ఆగి నడిచింది, నాలాంటి గేములు తెలీనోడికి కూడా కళ్లకి తెలిసిపోయింది. కార్డు లేకుండా జీ ప్రాసెసర్ కొనేవాళ్లెవరైనా సరే ర్యామ్ మాత్రం జంటగానే కొనండి. మా బోర్డుకి స్లాట్లు రెండే, రెండూ నిండిపోయాయి, రేపు 32 కావాలంటే రెండూ తీసేసి కొత్తవి వేయాలి, అది తెలిసే ఒప్పుకున్నాం. ఇంకోటి, 3200 అని రాసున్న ర్యామ్ అన్నీ పెట్టగానే 3200లో నడవవు, మాది 2400లో నడిచింది, బయోస్‌లోకెళ్లి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేస్తేనే 3200 వచ్చింది. ఎంతమంది ఏళ్ల తరబడి ఆన్ చేయకుండా వాడుతున్నారో.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ తీసుకున్నాం. ఎం.2 (బోర్డు మీదే గుచ్చే సన్న రకం) అని ఉంటే అన్నీ ఒకటే కాదు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒకటి సాటా రకం, అది సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతాది, ఇంకోటి ఎన్‌వీఎంఈ, దానికన్నా చాలా వేగం. మీ బోర్డు స్లాటు ఏది తీసుకుంటాదో మాన్యువల్‌లో చూసుకోండి, అంతే, దాని గురించి ఇంకేం లేదు.

ఎస్‌ఎంపీఎస్ గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు, 500 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటాది. పక్కన చిన్న పట్టిక ఉంటాది, అందులో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు అని చూడండి. 12ని ఆ ఆంపియర్లతో గుణిస్తే అసలు సంగతి బయటపడతాది, ఎందుకంటే ప్రాసెసరూ కార్డూ తినేది ఆ లైను మీదే. ఒక ఫ్రీ దాని మీద 14 ఆంపియర్లు అని ఉంది, అంటే 168 వాట్లు, మరి ఆ 450 ఎక్కడ! మేం 80 ప్లస్ బ్రాంజ్ 450 వాట్లది 3,100 పెట్టి తీసుకున్నాం. 80 ప్లస్ అన్నది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర, క్వాలిటీకి గ్యారంటీ కాదు, కానీ మా బడ్జెట్‌లో ఆ ముద్ర కూడా లేని డబ్బాని 11 వేల ప్రాసెసర్‌కి తగిలించడం నా మనసుకి ఒప్పలేదు. మా వైపు కరెంటు సంగతి మీకు తెలుసు, 2018లో తిత్లీ తుపానొచ్చినప్పటి చీకటి మేం ఇంకా మర్చిపోలేదు, మామూలు రోజుల్లో కూడా వర్షం పడితే పోతాది వస్తాది, అందుకని 600 వీఏ యూపీఎస్ కూడా తీసుకున్నాం. కార్డు లేని ఈ సిస్టమ్‌కి అది బాగా సరిపోతాది, ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి టైముంటాది.

మొత్తం లెక్క ఇదీ. ప్రాసెసర్ 11,800, బోర్డు 5,400, ర్యామ్ 3,400, ఎస్‌ఎస్‌డీ 2,900, ఎస్‌ఎంపీఎస్ 3,100, మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ 2,300, అంటే 28,900. యూపీఎస్ 2,600, కీబోర్డు మౌస్ 800 కలిపి 32,300. జీఎస్టీతో కలిపే, పక్కా బిల్లుతో. బిల్లు ఎందుకంటే ప్రాసెసర్ బాక్సు మీద మూడేళ్ల వారంటీ ఉంటాది, బాక్సు లేకుండా ట్రేలోది చవగ్గా ఇస్తామంటారు కొందరు, దానికి ఏఎండీ నేరుగా వారంటీ ఇవ్వదు. వెయ్యి రూపాయలకి ఆశపడకండి.

ఇంట్లో నేనూ తమ్ముడూ కలిసి బిగించేం. ఈ ప్రాసెసర్‌కి కిందంతా సన్న పిన్నులు, 1331 ఉంటాయి, మూల మీద బంగారు రంగు త్రికోణం సాకెట్ మీద త్రికోణంతో కలిపి ఊరికే వదిలితే దానంతటదే కూర్చుంటాది, వేలితో నొక్కకూడదు. కూలర్ పెట్టే ముందు బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ క్లిప్పులు విప్పేయాలి, పేస్టు కూలర్‌కి ముందే రాసుంటాది. రెండున్నర గంటల్లో అంతా అయిపోయింది, అమ్మ దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంది, స్విచ్ వేసేం.

ఫ్యాను తిరిగింది. స్క్రీన్ నల్లగా ఉంది.

నాకు కడుపులో దేవినట్టయింది, నిజంగా. ర్యామ్ తీసి పెట్టేం, ఒక్కొక్కటే పెట్టి చూసేం, ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల వైరు తీసి మళ్లీ పెట్టేం, తమ్ముడైతే పిన్ను ఏదో వంచేసేనన్నయ్యా అని ఏడుపు మొహం పెట్టేడు. రెండు గంటలు అదే పని. తప్పు అక్కడెక్కడా లేదు. మా మానిటర్ పాతది, దానికున్నది నీలం రంగు వీజీఏ ఒక్కటే. బోర్డుకేమో హెచ్‌డీఎంఐ, డీవీఐ. నేను ముందురోజే బజార్లో 150 రూపాయలకి ఒక వైపు హెచ్‌డీఎంఐ ఇంకో వైపు వీజీఏ ఉన్న కేబుల్ కొని పెట్టుకున్నాను, దాంతో అయిపోతాదనుకున్నాను. అవ్వదు. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్, మధ్యలో మార్చే చిప్పు ఉండాలి, ఉత్త వైరు కలిపితే బొమ్మ రాదు. పిన్ని వాళ్లింట్లో టీవీ ఉంది కదా అని రాత్రి ఎనిమిదింటికి క్యాబినెట్ బండి మీద పెట్టుకుని పాతపట్నం వెళ్లి టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపితే వెంటనే బొమ్మ వచ్చింది! తమ్ముడి మొహం అప్పుడు చూడాలి. తర్వాత 450 పెట్టి చిప్పున్న కన్వర్టర్ కొన్నాం, ఏడాదిగా అదే నడుస్తోంది. పార్టులన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో ఇన్ని రోజులు చూసుకున్నాం, ఇంట్లో ఉన్నదానితో సరిపోతుందా అని చూడలేదు. మానిటర్ వెనకాల పోర్టుల ఫోటో తీసుకుని వెళ్లండి, బోర్డు మీదే వీజీఏ ఉన్న మోడళ్లు కూడా దొరుకుతాయి, మేం అడిగుంటే ఆయన ఇచ్చేవాడే.

ఇంకొకటి కూడా ఇంటిదే. ఆన్ చేసి ఉన్నప్పుడు క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమనేది. ఎస్‌ఎంపీఎస్ పాడైందని భయపడ్డాం. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఆ గదిలో ప్లగ్గుకి ఎర్తింగ్ వైరే కలిపిలేదు, మూడో రంధ్రం ఊరికే ఉంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిగా కరెంటు బాడీకి వస్తాది, అది ఎర్త్‌లోకి పోవాలి, దారి లేకపోతే మన చేతిలోకి వస్తాది. ఎర్తింగ్ వేయించేక ఆ జిల్లు పోయింది. పాత ఇళ్లల్లో ఉన్నోళ్లు కంప్యూటర్ కొనేముందే ఇది చూపించుకోండి, దయచేసి.

ఏడాది వాడేక చెప్తున్నాను, ఒక్కసారి కూడా దానంతటది ఆగిపోలేదు. తమ్ముడు కోడింగ్, వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేది) ఒకటి, చిన్న చిన్న వీడియోలు కత్తిరించడం, రాత్రుళ్లు తేలికపాటి గేములు, అన్నీ దీని మీదే. విండోస్ 11కి కావాల్సిన టీపీఎం అనే సెక్యూరిటీ సదుపాయం బయోస్‌లోనే ఉంది, కాబట్టి 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్టు ఆగిపోయినా మాకు బాధ లేదు. గ్రాఫిక్స్‌కి 2 జీబీ కేటాయించేం, అంటే మిగిలేది 14 జీబీ లోపే, బ్రౌజర్‌లో ట్యాబులు ఎక్కువ తెరిస్తే బరువు తెలుస్తాది. పెద్ద గేములు ఆడాలంటే ఇది చాలదు, ఆ ఆశతో కొనొద్దు.

కార్డు వేద్దామని తమ్ముడు డబ్బు దాస్తున్నాడు. దాంట్లో కూడా జతలు చూసుకోవాలి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవక కదా అనిపిస్తాది, కానీ అది పీసీఐఈలో నాలుగు లేన్లే (డేటా దారులు) వాడుకుంటాది, అదీ పీసీఐఈ 4.0 ఉంటేనే దాని పూర్తి వేగం, మా 5600జీ ఇచ్చేది 3.0, అంటే దారి సగమైపోతాది. ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లది, 132 వాట్లు, ఏఎండీ చెప్పే కనీస ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు, మాది సరిగ్గా అంతే, 8 పిన్నుల కనెక్టర్ కూడా ఉంది. అందుకే దాని కోసం ఆగేడు. ర్యామ్ పెంచుదామంటే మాత్రం ఇప్పుడు కుదరదు, 2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ రేట్లు బాగా ఎక్కిపోయాయి, మేం 3,400కి కొన్నది ఆ రేటుకి ఇప్పుడు దొరకదు. ఇప్పుడు కొనేవాళ్లు ముందు ర్యామ్ రేటు కనుక్కుని మిగతా లిస్టు రాసుకోండి.

షాపుకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించేనంటే డబ్బు బ్యాంకు కార్డుతో కడితే రెండు శాతం ఎక్కువ అడిగేడు, మేం ఏటీఎం వెతుక్కుంటూ తిరగాల్సొచ్చింది, తెరిచిన బాక్సు వెనక్కి తీసుకోరు కూడా, ఆ మాట ముందే చెప్పేడనుకోండి. వెళ్లేవాళ్లు మధ్యాహ్నం మూడు లోపు వెళ్లండి, అప్పుడైతే కౌంటర్ దగ్గర జనం ఉండరు, అన్నీ కలిపి ఆన్ చేసి చూపించమంటే ఓపిగ్గా చూపిస్తాడు. మా పిన్ని కొడుకు మొన్న వాళ్ల స్నేహితుడి కోసం వెళ్తే షాపాయన వాళ్ల మానిటర్ ఫోటో అడిగేడట.